వేటకాని వీపుసంచి



వేట యనగానే మనకు తుపాకియు, విల్లును, జాగిలమును జ్ఞప్తికి వచ్చును గాని సంచి జ్ఞప్తికి రాదు. మన ప్రబంధములలో వేట వర్ణనము ఒక యంగము. అందు వలలకును, డేగలకును, వేటకుక్కలకును పద్యములు కలవు. రాజు వేటాడును, మోయుటకు వేఱుగ జనముందురు. నేటి వేటకానికి అట్టి పరివారము లేదు. తెల్లవారకమున్నే యిల్లు వెడలి, తన నీరు తానే మోసికొని, తన యాహారము తానే మూటగట్టుకొని, సాయంకాలమునకు దొరకినదానిని తన వీపుననే వేసికొని రావలసినవాడు. కనుక వాని సాధనములలో సంచియు నొకటి. తుపాకి కొనుటకు ఆఱు నెలలు ఆలోచించువాడు సంచిని అంగడిలో అయిదు నిమిషములలో కొని తెచ్చుకొనుట లోకములో చూచుచునే యున్నాము. ఈ పూట ఆ సంచిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేయుదును.

ముందుగా ఒక సంగతి స్పష్టము చేయవలెను. మన దేశమున సరదావేటకు తావు లేదు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో జరిగిన సవరణయు ఆ ద్వారమును మూసివైచినవి. నల్లమలలోగాని, మన్యములోగాని తుపాకి పట్టుకొని దుప్పి వెంట పోవుట నేరము. అది నేరముగనే యుండుట మంచిది. కావున నేను చెప్పబోవునది అమెరికా పడమటి కొండలలోను, అలాస్కాలోను, నార్వే పీఠభూములలోను ప్రభుత్వము వారి లైసెన్సు పొంది, నియమించిన ఋతువులో, నియమించిన సంఖ్యకు మించక వేటాడువారి సంచిని గూర్చి. ఆ దేశములలో కాపురమున్న మన తెలుగువారిలో ఆ యడవులు త్రొక్కువారికి ఇది పనికివచ్చును. ఇచ్చట మన యడవులను కాపాడువారికిని ఇందు కొంత పనికివచ్చును. ఆ మాట తరువాత చెప్పెదను.

ఒకనాటి వేటకు పోవు సంచి పెద్దది కానక్కరలేదు. ఇరువదియైదు మొదలు నలుబది లీటర్ల చోటు చాలును. అనగా రెండు మూడు బిందెల నీరు పట్టునంతటిది. అందులో ఏమి పెట్టుదురు? నీరు, రొట్టె, వానకోటు, ఒక ఉన్ని చొక్కా, అడవి పటము, దిక్సూచి, రెండు టార్చి దీపములు, అగ్గిపెట్టెలు తడవకుండ కట్టిన పొట్లము, కత్తి, కొంత త్రాడు, గాయమునకు కట్టు, మాంసమునకు పలుచని నూలుసంచులు, లైసెన్సు కాగితము. టార్చి దీపములు రెండెందుకని యడుగవచ్చును. ఒకటి ఆఱిపోవును గనుక. ఆ కొండలలో అక్టోబరు నెల మధ్యాహ్నము చొక్కా విప్పదగినంత వెచ్చగానుండి, రాత్రికి మంచు కురియుట వింత కాదు. దారి తప్పినవానికి ఆ రాత్రి తెల్లవారునా లేదా యను ప్రశ్నకు ఉత్తరము పెక్కు సమయములలో ఆ సంచిలోనిదే.

అయితే పోవునప్పటి బరువు బరువు కాదు. అయిదాఱు కిలోలు ఏ సంచియైనను మోయును. సంచి పరీక్ష తిరుగు ప్రయాణములో జరుగును. నడితరపు జింక యొకటి పడినచో, ఎముక తీసిన మాంసమే ఇరువది కిలోలకు మించవచ్చును. ఎల్కు అని అమెరికావారు పిలుచు పెద్దదుప్పి యైనచో దాని యొక్క వెనుకకాలి ఖండమే ముప్పది కిలోల చుట్టుప్రక్కల తూగును. అట్టిదానిని ఒక్కడే అడవినుండి బాటకు చేర్పవలెనన్న నాలుగైదు సార్లు పోయి రావలసియుండును. ప్రొద్దు గ్రుంకుచుండగా, రాతిచరియపై, ముప్పది కిలోలు వీపున నుండగా భుజపట్టీ తెగినచో ఏమగునో యోచింపుడు. బరువంతయు ఒక ప్రక్కకు లాగును. కాలు జాఱును. చేత తుపాకి యుండనే యున్నది.

మాంసమును విడిచి రావచ్చును గదా యనిన, అది పాపమే గాక కొన్ని చోట్ల నేరము కూడ. అలాస్కాలో పెద్దమృగమును చంపినవాడు తినదగిన మాంసమునంతను బయటికి తేవలెనని చట్టము. కొమ్ములు ముందు తెచ్చుకొని మాంసము తరువాత చూచుకొందమనుటకు వీలు లేదు. మాంసము కదలిన పిదపగాని, కడపటి మోతతోగాని కొమ్ములు కదలవలెను. ఈ నియమము వ్రాసినవారెవరో గాని వేటగాండ్ర మనస్సు నెఱిగినవారు. చంపిన ప్రాణి వ్యర్థము కారాదను న్యాయమంతయు తుదకు నాలుగంగుళముల కుట్టుమీద ఆధారపడియున్నది. అందుచేతనే సంచి యెన్నిక చిన్న విషయము కాదని నా యభిప్రాయము.

వీపున బరువు మోయుట మానవునకు క్రొత్త విద్య కాదు. 1991లో ఇటలీ, ఆస్ట్రియా దేశముల సరిహద్దున ఆల్ప్సు పర్వతములలో మంచుగడ్డ కరగగా ఒక పురుషుని శరీరము బయలుపడినది. అతడు సుమారు 5300 ఏండ్ల క్రిందటివాడు. వానివద్ద తుది పని కాని విల్లు, అమ్ములపొది, రాగిగొడ్డలి దొరకినవి. వానితోపాటు వంచిన హేజలు కఱ్ఱయు, లార్చి చెక్కలును దొరకినవి. అది వీపుసంచికి చట్టమని పలువురు పండితుల తలంపు. కాదని వాదించువారును కలరు. చట్టమే యైనచో నేడు అంగడిలో అమ్ముచున్న దానికిని దానికిని పోలిక చూచి నవ్వుకొనవచ్చును. అయిదువేల యేండ్లలో కఱ్ఱ పోయి లోహము వచ్చినది, అంతియ.

ఇటీవలి కథ నార్వేది. ఓలే బెర్గన్ అను నతడు 1908లో వేటకు పోయి, ఆకారములేని సంచి వీపును ఒరయుచుండగా సహింపలేక, జూనిపరు కొమ్మ నొకదానిని తన వీపు వంపునకు సరిగ వంచి సంచికి కట్టెనట. ఆ కొమ్మ స్థానమున ఇనుపగొట్టమును పెట్టి మరుసటి యేట పేటెంటు పొందెను. ఆంగ్ల సైనికులు నేటికిని తమ పెద్ద వీపుసంచిని బెర్గెన్ అనియే పిలుతురు. అటుపిమ్మట 1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ యను వడ్రంగి అల్యూమినియపు గొట్టములతో చట్టము చేసి, బరువును నడుముమీదికి దింపు ఉపాయమును ప్రచారములోనికి తెచ్చెను. చట్టములు ఆయన చేసెను. సంచులు ఆయన భార్య నీనా యింట కూర్చుండి కుట్టెను. నన్నడిగిన, సగము కీర్తి ఆ యిల్లాలిది.

ఈ చట్టము చేయు పని యేమి? బరువు భుజములమీద వ్రేలాడినచో కండరములు నలిగి, మెడ వంగి, మనిషి ముందునకు తూలి నడచును. అదే బరువు తుంటియెముకమీద కూర్చున్నచో, శరీరములోకెల్ల బలమైన యెముకలును, తొడకండరములును దానిని మోయును. భుజపట్టీలు సంచి వెనుకకు వాలకుండ పట్టుకొనుటకు మాత్రమే యుండవలెను. మన స్త్రీలు చుట్టకుదురు పెట్టుకొని నీటికడవను తలపై నిలిపి నడచుటలోని రహస్యమును ఇదియే. బరువు నిట్టనిలువున దేహదండముమీద దిగును. కావడిబద్ద సాగి లేచుటలోను ఒక సుఖము కలదు. అయితే చేత తుపాకియు, కాలిక్రింద జాఱురాయియు ఉన్నవానికి కడవయు పనికిరాదు, కావడియు పనికిరాదు.

కాబట్టి మొదటి ప్రశ్న యిది: మీరు బాటకు ఎంత దూరమున వేటాడుదురు? కారు నిలిపిన చోటికి అరమైలు లోపలనైనచో చట్టము లేని మెత్తని సంచి చాలును. మృగమును ఈడ్చుకొని రావచ్చును, లేదా స్నేహితుని పిలువవచ్చును. అంతకు మించిన దూరమైనచో, సంచి చిన్నదైనను చట్టమున్నది కొనవలెను. నేడు కొన్నిటిలో సంచిగుడ్డను చట్టమునుండి విప్పి, నడుమ మాంసపుమూటను పెట్టి, మరల బిగించుటకు వీలు గలదు. మూట వీపునకు అంటియుండును. సంచి దానికి వెలుపల నుండును. ఇది యుక్తమైన యేర్పాటు. బరువు వీపునకు ఎంత దగ్గఱనుండిన అంత తేలిక. జానెడు దూరము జరిగినచో ముప్పది కిలోలు నలుబదియైనట్లు తోచును.

ఇక గుడ్డ. పూర్వము అందఱును కాన్వాసు వాడిరి. మైనము పట్టించిన ముదుక నూలుగుడ్డ నేటికిని కొందఱికి ప్రీతి. అందమైనది, చప్పుడు చేయదు, నిప్పురవ్వ పడిన చిన్న చిల్లు మాత్రమే పడును. కాని మైనము వదలినచోట నీరు పీల్చును, పీల్చినదానిని ఆఱనీయదు, తడిసినది సగము బరువు హెచ్చును, తడిగా మూలబెట్టిన బూజు పట్టి దారము కుళ్లును. తోలుపట్టీలు, ఇత్తడి బకిళ్లు పెట్టిన కాన్వాసు సంచి గోడకు తగిలించిన చూచుటకు ముచ్చటగా నుండును. గోడకే తగిలింపుమని నా సలహా.

1938లో లోకమునకు వెల్లడియైన నైలాను ఈ వ్యవహారమును మార్చినది. నైలాను గుడ్డ ముదుకను డెనియరు అను లెక్కతో చెప్పుదురు. తొమ్మిదివేల మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెనియర్లు. వేయి డెనియర్ల నూలనగా తొమ్మిది కిలోమీటర్ల పొడవు కిలో తూగునది. అంగడివాడు వేయి అని చెప్పగానే మెచ్చుకొనవలదు. వేయి డెనియర్ల గుడ్డ రాతికి ఒరసినను చినుగదు, నిజమే. కాని బరువు, బిరుసు, అన్నిటికంటె మించి చప్పుడు. సంచికి అడుగున వేయి, ఒడలికి అయిదువందలు ఉన్నచో ఒకనాటి వేటకు దానికి మించినది అక్కరలేదు. కార్డురా యను పేరుతో వచ్చు ముదుక నైలాను ఈ పనికి మేలైనది; అయితే పేరు చూచి గాక గుడ్డ చూచి కొనవలెను, ఏలననగా ఆ పేరుతో పలు రకముల గుడ్డలు కలవు.

చప్పుడును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. జింక చెవి మన చెవికి అందని హెచ్చుస్వరములను గూడ వినును. బిరుసు నైలానుమీద ఎండుకొమ్మ గీచుకొనునప్పుడు వచ్చు కీచుధ్వని అడవిలో సహజమైన ధ్వని కాదు. అంగడిలో దీనికొక సులువైన పరీక్ష కలదు. సంచిని చెవియొద్ద పెట్టుకొని గోటితో గీయుడు. గోటిచప్పుడు మీకు వినబడినచో జింకకు నూఱు గజముల దూరమున వినబడుననియే యెంచుకొనుడు. ఈ కారణముచే కొందఱు నైలానుపై ఉన్నివంటి మెత్తని నూగు గల గుడ్డ తొడిగిన సంచులు చేయుదురు. అవి నిశ్శబ్దముగా నుండును గాని పల్లేరుకాయల వంటివన్నియు అంటుకొనును. మంచు పడిన తడిసి బరువెక్కును. పొంచి కూర్చుండి వేటాడువానికి నూగుగుడ్డ మంచిది; కొండలెక్కువానికి నున్నని గుడ్డయే మంచిది. రెండును ఒక్క సంచిలో దొరకునని చెప్పువాని మాట నమ్మవలదు.

నైలాను గుడ్డకు లోపలివైపున నీరు చొరకుండ పాలీయురిథేను పూత పూయుదురు. ఈ పూతకు గాలిలోని తేమయే శత్రువు. కొన్నియేండ్లకు అది జిగురుగా మాఱి, పొట్టు రాలి, పుల్లని వాసన కొట్టును. మన కోస్తా ఉక్కలో ఈ తెగులు మఱింత త్వరగా వచ్చును. గుడ్డ చినుగకపోయినను సంచి పనికిరానిదగును. కనుక పాతసంచి కొనువారు ముందుగా లోపల చేయి పెట్టి తడిమి చూడవలెను. జిగురు తగిలినచో అంతటితో విడువవలెను. ఎండయు నైలానుకు చెఱుపు చేయును; కారు వెనుక అద్దము క్రింద సంవత్సరముల తరబడి పడియున్న సంచి పట్టీలను నమ్మరాదు.

గుడ్డకంటె ముందు చచ్చునది కుట్టు. ఇది నేను చెప్పవలసిన వానిలో ముఖ్యమైనది. సంచిని లోపలివైపు పైకి త్రిప్పుడు. అంగడివాడు విసుగుకొన్నను త్రిప్పుడు. గుడ్డ అంచులు నూలుపోగులతో వ్రేలాడుచున్నవా, లేక వేఱు పట్టీతో మడిచి కప్పి కుట్టినారా? పోగులు వ్రేలాడు సంచి రెండవ ఋతువున విచ్చిపోవును. భుజపట్టీ సంచికి చేరు చోటు రెండు గుడ్డల నడుమ ఇఱికించి, ఒక్క వరుస కుట్టి వదలినారా, లేక వెనుక మఱియొక దట్టపుపట్టీ వేసి, చతురస్రముగా కుట్టి నడుమ గుణకారపు గుర్తు వలె మరల కుట్టినారా? రెండవ విధమే కావలయును. బరువు లాగు ప్రతి చోటను దారము ముందునకు వెనుకకు దగ్గఱదగ్గఱగా పోయి ముద్దగా కనబడవలెను. అయితే కుట్లు మితిమీఱిన గూడ చేటే. సూది రంధ్రములు మఱీ చేరువైనచో గుడ్డ తపాలాబిళ్లల కాగితము వలె ఆ వరుస వెంబడియే చినుగును. దారము నైలానుదిగాని పాలియెస్టరుదిగాని కావలెను. నూలుదారము తడికి కుళ్లును, ఒరపిడికి అరగును.

కుట్లు చూచిన పిదప పట్టీని చేత చుట్టుకొని, సంచిని కాలితో నొక్కిపట్టి, బలముగా లాగుడు. కుట్టుచోట వెలుతురు కనబడినచో దానిని మరల కొయ్యకు తగిలించి రండు.

మూయు ఏర్పాటును గూర్చి అభిప్రాయభేదములు చాల కలవు. జిప్పు సుఖమైనది, ఒక్క లాగుతో సంచి తెఱచుకొనును. కాని సంచి చచ్చుట పెక్కు సార్లు జిప్పుతోనే. ఇసుక చొరబడి బండిని అరగదీయును. అరగిన బండి పండ్లను కలుపలేదు. లోహపు పండ్ల జిప్పు మంచులో బిగుసుకొని గలగలలాడును. చుట్టగా అల్లిన నైలాను జిప్పు మేలు. అది విడినను బండిని వెనుకకు లాగి మరల ముందునకు తెచ్చిన చాలవఱకు సర్దుకొనును. లోహపు తగిలింపు తీసివైచి త్రాడుముక్క ముడివేసికొన్నచో చప్పుడును ఉండదు, చేతితొడుగులతో పట్టుకొనుటకు సులువు. నా మట్టుకు, పెద్ద నోటికి మడతమూతయు పట్టీయు, చిన్న అఱకు మాత్రము జిప్పు ఉన్న సంచి యిష్టము. జిప్పు పోయినను మాంసము క్రిందపడదు.

ఇచ్చట ఒక వినోదమైన సంగతి. వెల్‌క్రో యను పేర ప్రసిద్ధమైన, బఱ్ఱున విప్పు అంటుపట్టీ మీ రెఱుగుదురు. దానిని కనిపెట్టిన స్విట్జర్లండు వాస్తవ్యుడు జార్జి డి మెస్ట్రాల్ 1941లో కుక్కను వెంటబెట్టుకొని వేటకు పోయి వచ్చి, తన బట్టలకును కుక్క బొచ్చునకును అంటుకొన్న ముండ్లకాయలను సూక్ష్మదర్శినిలో చూచి ఆ యూహ పొందెను. 1955లో పేటెంటు వచ్చినది. వేటలో పుట్టిన యా వస్తువే వేటసంచికి అన్నిటికంటె పనికిరానిది. నిశ్శబ్దమైన యుదయమున ఆ అఱను తెఱచినచో అడవియంతయు మేలుకొనును.

ప్లాస్టికు బకిళ్లు తేలిక, చప్పుడు తక్కువ. గట్టిచలిలో కాలిక్రింద పడినచో పగులును. అదే కొలత బకిలు ఒకటి అఱలో వేసికొని పోవుట రెండు తులముల బరువు. అది లేక పోయినచో నడుముపట్టీ లేక మోయవలసియుండును. బకిలు కుట్టు విప్పకయే మార్చదగినదిగా నుండవలెను.

రంగు విషయమున చాలమంది తప్పుదారి పట్టుదురు. ఆకులు, కొమ్మలు అచ్చు వేసిన సంచి కొని దాగితిమని సంతోషింతురు. జింక కంట రంగులను గుర్తించు కణములు రెండు జాతులవి మాత్రమే, మనకు మూడు. నారింజ, ఎఱుపు దానికి మనకు వలె వెలుగవు. నీలము మాత్రము బాగుగ కనబడును. కాబట్టి నీలపు సంచి తగదు. బట్టలను తళతళలాడించు సబ్బుపొడితో ఉదుకుటయు తగదు, ఆ పొడిలోని పదార్థము నీలపు వెలుగును వెదజల్లును. మనుష్యుని విషయము వేఱు. అమెరికాలో పెక్కు రాష్ట్రములు తుపాకివేట ఋతువులో కన్నుచెదరు నారింజవర్ణపు చొక్కా తొడుగవలెనని చట్టము చేసినవి. ఏల? మఱియొక వేటగాడు పొదచాటు కదలికను జింకయని భ్రమించి కాల్చకుండుటకు. ఆ చొక్కా తొడిగి, దాని వీపుమీద ఆకుపచ్చని సంచి వేసికొన్నవానికి వెనుకనుండి చూచువాని కంట నారింజరంగు ఏది? సంచియే చొక్కాను కప్పివైచినది. ముందు వైపు మనిషి, వెనుక వైపు పొద. ఈ ఒక్క మాట జ్ఞప్తియుంచుకొని, నారింజరంగు సంచినిగాని, సంచికి ఆ రంగు తొడుగునుగాని కొనవలెను. మాంసముతో తిరిగి వచ్చునప్పుడు ఇది రెట్టింపు అవసరము. సంచిపైన కట్టిన కొమ్ములు పొదల మీదుగా కదలుచుండగా దూరమునుండి చూచువానికి ఏమి తోచునో చెప్పనక్కరలేదు. కొమ్ములకును నారింజగుడ్డ చుట్టవలెను. తెల్లతోక జింకలుండు అడవులలో తెల్లని చేతిరుమాలును గూడ బయటికి తీయరాదని అనుభవజ్ఞులందురు. సంచికి తెల్లని త్రాడు వ్రేలాడదీయుటయు అట్టిదే.

కొలతను గూర్చి: మనిషి పొడవు ముఖ్యము కాదు, వీపు పొడవు ముఖ్యము. తల వంచినప్పుడు మెడ క్రింద పొడుచుకొని వచ్చు ఎముకనుండి తుంటియెముక పైయంచు వఱకు కొలువవలెను. ఆఱడుగులవానికి పొట్టివీపు ఉండవచ్చును. నడుముపట్టీ బొడ్డు పైన గాక తుంటియెముకమీద కూర్చుండవలెను. బిగించినప్పుడు రెండు మెత్తలు ముందు కలిసికొనక వ్రేళ్ల సందు మిగులవలెను. స్త్రీల తుంటి వంపునకు తగిన పట్టీలు వేఱుగ దొరకును. పురుషుని సంచినే సర్దుకొనుమని భార్యకు ఇచ్చుట పొదుపు కాదు. కొనుటకు ముందు అంగడిలో ఇసుకమూటలు పెట్టించి అరగంట నడువుడు. ఇంటికి తెచ్చిన పిదప, రసీదు దాచి, పదునైదు కిలోల బియ్యము పోసి మేడమెట్లు పదిసార్లు ఎక్కి దిగుడు. తుపాకిని గూడ (తూటాలు తీసి) భుజమున వేసికొని చూడవలెను. కొన్ని సంచుల భుజపట్టీలపై తుపాకివారు నిలువక మాటిమాటికి జాఱును. సంచికి తుపాకిని కట్టు ఏర్పాటు ఉన్నచో అది ఖాళీ తుపాకికే. గుండు నిండిన తుపాకిని వీపున కట్టుకొని, వెనుక నడచు స్నేహితునివైపు గొట్టము చూపుచు పోవుట వేట కాదు.

అఱలు ఎన్నియున్న అంత మేలను భ్రమ యొకటి కలదు. అఱ పెరిగిన కుట్టు పెరుగును, జిప్పు పెరుగును, చీకటిలో దీపము ఏ యఱలో పెట్టితినో యని వెదకులాట పెరుగును. ఒక పెద్ద నోరు, పైన ఒక చిన్న అఱ, రెండు ప్రక్కల నీటిసీసాలకు తావు చాలును.

మన యడవుల మాటకు వత్తును. తుపాకివేట పోయినను అడవిలో దినమంతయు నడచువారు పోలేదు. నాగార్జునసాగరము శ్రీశైలము పులుల రక్షితారణ్యములోను, తెలంగాణలోని అమ్రాబాదులోను కాపలా తిరుగువారిలో చెంచులు కలరు. పులి అడుగుజాడలు చూచుటకు, చెట్లకు కెమెరాలు కట్టుటకు, ఉచ్చులు ఏరివేయుటకు వారు కాలినడకనే పోవలెను. వారి సంచికి మాంసపు బరువు లేదు. నీటి బరువు కలదు. వేసవిలో వాగులు ఎండిన రాతినేలపై ఒక మనిషికి నాలుగైదు లీటర్ల నీరు కావలెను, దానికి తోడు కెమెరాలు, బ్యాటరీలు. చప్పుడు లేమి వారికిని అవసరమే. వేటగాని కంటె ఉచ్చులు పన్నువానికి చెవులు చుఱుకు. వారికి సంచులు కొనిపెట్టువారు, పేరు అచ్చు వేయించి పంచు బడిసంచులకు బదులు, నడుముపట్టీయు గుణకారపు కుట్టును గల సాదాసంచులు కొనిన, ఆ డబ్బు రెండింతలు కాలము నిలుచును. తెగినచోట మన యూరి తోలుపనివాడు ముదుకదారముతో వేసిన నాలుగు కుట్లు మొదటి కుట్లకంటె గట్టివిగా నుండుట కలదు.

కడపట సంచి సంరక్షణ. నెత్తురు మఱక పడినచో చన్నీటితో వెంటనే కడుగవలెను. వేడినీరు మఱకను స్థిరపఱచును. మైనపు గుడ్డను సబ్బుతో ఉదుకరాదు, తడిగుడ్డతో తుడిచి వదలవలెను. జిప్పుపండ్లను పాత పండ్లకుంచెతో దులుపవలెను. నీడలో పూర్తిగా ఆఱిన పిదపగాని మూలబెట్టరాదు. తినుబండారపు పొట్లములు అఱలలో మఱచిపోరాదు. చెమట ఉప్పు పట్టిన పట్టీలను ఎలుకలు ఇష్టపడి కొఱుకును. కాబట్టి పెట్టెలో క్రుక్కుటకంటె దూలమునుండి తీగకు వ్రేలాడగట్టుట మంచిది, బకిళ్లన్నియు వదులుచేసి, నోరు తెఱచి.